కాల్తుందా అని మూడుసార్లు అడిగింది

ముందే చెప్పేస్తున్నాను. ఆఖరిదాకా గంప మీద గుడ్డ తియ్యకుండా ఊరించడానికి ఇదేమీ చేపల బేరం కాదు. నా ఎడమకాలు మా అత్త కాల్చలేదు. మా పేటలో అందరూ ఆవిడే కాల్చిందనుకుంటారు. మా ఆయన కూడా నాలుగు నెలలు అలాగే అనుకుని కన్నతల్లితో మాట మానేశాడు. ఆ తల్లీకొడుకుల మధ్య మాట కలపడానికి నేను ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నోరు మూయకుండా వాగే మనిషిని, ఆ ఒక్క ముక్క తప్ప అన్నీ వాగాను.

నా పేరు నాగమణి. గౌతమి గట్టున, కోటిపల్లి రేవుకి కాస్త దిగువన మా పేట. ఐదో తరగతి సగంలో బడి మానేశాను. మిగతా సగం ఇప్పటికీ బడిలోనే ఉండి ఉంటుంది, ఎవరూ తెచ్చివ్వలేదు. మా ఆయన సత్తిబాబు నాకు మేనమామ కొడుకు, బావ. ఆయన ఏట్లో చేపలు పడతాడు, నేను పక్క ఊళ్ళో వీధులు తిరిగి అమ్ముతాను. మా అత్త నూకరత్నం నాకు గంప అప్పగించే దాకా ఆ వీధులు ఆవిడవే. ఇరవై రెండేళ్ళు ఒక ఇంట్లో ఉన్నాం. ఆవిడ తిట్టడం, నేను వెక్కిరించడం, మధ్యలో ఇద్దరం కలిసి చేపలు కడగడం. పేటలో వాళ్ళు మమ్మల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళు, టీవీలో ఏమీ లేనప్పుడు.

నాకు షుగరు ఆరేళ్ళుగా ఉంది. బిళ్ళలు వాడేదాన్ని, గుర్తున్న రోజున. ఒంట్లో బాగున్న రోజున బిళ్ళ ఎందుకు దండగ అనుకునేదాన్ని. మొదట అరికాళ్ళలో చీమలు పాకినట్టుండేది. తర్వాత పత్తి మీద నడిచినట్టు. ఆ తర్వాత ఏమీ లేదు. కిందటేడు వైశాఖంలో తారు రోడ్డు మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తుంటే అమ్మగార్లు నోళ్ళు నొక్కుకునేవారు. "దేవుడు నాకు రబ్బరు కాళ్ళు పెట్టాడండి, గ్యారంటీ కార్డు మాత్రం ఇవ్వలేదు" అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. ఒకరోజు ఇంటికొచ్చేసరికి ఒక కాలికే చెప్పుంది.

"రెండోదేదే?" అంది అత్త.

"దారిలో విసుగొచ్చి పుట్టింటికి పోయింది" అన్నాను.

అసలు అది ఎక్కడ జారిపోయిందో నాకు తెలీదు. స్నానాల గదిలోకి పోయి, తడిక వేసుకుని, వేళ్ళని ఒక్కొక్కటే గిల్లుకున్నాను. మూడో వేలు ఎవరిదో అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే బావ మర్నాటి నుంచి వీధుల్లోకి పోనివ్వడు. ఆ వీధుల్లోనే కదా నేను నేనుగా ఉండేది. ఇంట్లో కూర్చోబెడితే నా నోటికి పనేముంది? నా భయమంతా కాలు పోతుందని కాదు, గంప పోతుందని.

ఈ ఏడు ఆషాఢంలో ఏటికి వరద ఎర్రనీళ్ళు వచ్చాయి. పులస చేపల కోసం బావ రోజంతా ఏటి మీదే ఉండేవాడు. ఒక పొద్దున ఆటో దిగుతుంటే నా ఎడమపాదం పక్కకి మడతపడింది. టక్కుమని చప్పుడు కూడా విన్నాను, ఆటో లోపల ఏదో విరిగిందనుకున్నాను. నొప్పి లేదు కదా, గంప ఎత్తుకుని మూడు వీధులూ తిరిగాను. ఇంటికొచ్చేసరికి పాదం పనసతొనలా ఉబ్బి ఎర్రగా ఉంది. మా పేటకి వచ్చే ఇంజక్షన్ల డాక్టరు గారు చూసి, నొక్కి, "నొప్పా?" అంటే "లేదండి" అన్నాను. "అయితే బెణుకే" అని గుడ్డ పట్టీ చుట్టి వెళ్ళాడు. ఆయన్ని అనడానికి లేదు. నొప్పి లేదని నవ్వుతూ చెప్పే మనిషి కాల్లో ఎముకలు విరిగాయని ఎవరనుకుంటారు?

ఒక్క అత్తే అనుమానపడింది. కూర్చుని చేపలు తోముతున్నదల్లా చెయ్యి కడుక్కుని, చేతి వెనకభాగం నా కుడికాలికి ఆనించింది, తర్వాత ఎడమకాలికి. "ఏంటే ఇది, ఒక్క కాలికే జొరం వచ్చింది?" అంది.

"మిగతా ఒంటికి ఎందుకు దండగని పొదుపు చేసింది" అన్నాను.

"నీ నోట్లో మన్ను పొయ్య. తిరగకే రెండ్రోజులు."

తిరిగాను. మూడు వారాలు అదే కాలి మీద గంపతో తిరిగాను. వాపు సాయంత్రానికి పెరిగేది, పొద్దుటికి కొంచెం తగ్గేది. తగ్గినప్పుడల్లా నయమైపోయిందని పేటంతా చాటేదాన్ని.

శ్రావణం వచ్చింది. వాపు తగ్గకపోయేసరికి అత్త తనకి తెలిసిన వైద్యం మొదలుపెట్టింది. మా వాళ్ళలో వల లాగేటప్పుడు ఎవరి కాలు బెణికినా, నడుం పట్టినా ఒకటే మందు, ఏటి ఇసక కాపడం. ఆవిడ మెత్తటి ఇసక తెచ్చి, రాళ్ళేరి, ఇనప మూకుట్లో వేయించి, పాత నూలుచీర ముక్కలో మూట కట్టింది. ముందు తన మోచేతి లోపల ఆనించి చూసుకుంది. తర్వాత నా పాదం మీద పెట్టింది.

"కాల్తుందా?"

నాకు ఏమీ తెలీలేదు. మూట బరువు కూడా తెలీలేదు. తెలీడం లేదని చెప్పాలి. చెబితే "ఎప్పట్నుంచే?" అంటుంది. ఏడాది నుంచి అనాలి.

"లేదు" అన్నాను. "హాయిగా ఉంది."

ఇంకో మూట వేడి చేసి తెచ్చింది. "కాల్తుందా?"

"చల్లారిపోయింది అత్తా. ఇంకో వాయి వెయ్యి."

మూడోసారి మూట పట్టుకుని తటపటాయించింది. "చాలేమో. కాల్తుందేమో చూసుకోవే, సరిగ్గా చెప్పు."

"పెళ్ళయిన కొత్తలో ఇంతకన్నా వేడిగా తిట్టేదానివి. ముసలితనం వచ్చి నీ వేడి తగ్గిపోయింది" అన్నాను.

ఆవిడ నవ్వింది. నవ్వితే మా అత్తకి కళ్ళు మూసుకుపోతాయి. ఆ నవ్వుతోనే మూట నా పాదం పక్కన పెట్టి నొక్కింది. చాలాసేపు ఉంచింది.

మర్నాడు అక్కడ తోలు ఉల్లిపొరలా లేచి నీళ్ళు నిండాయి. చెడు నీరు దిగుతోందని ఇద్దరం సంతోషపడ్డాం. అంత తెలివిగలవాళ్ళం. నాలుగో రోజున వాసన కనిపెట్టింది కూడా అత్తే. చేపలున్న ఇంట్లో అది చేప వాసన కాదని తెలియడానికి ముక్కు ఎలాంటిదై ఉండాలో చూడండి. బావకి ఫోను చేయించి ఏటి మీంచి పిలిపించింది. ఆటో కట్టించుకుని ముగ్గురం కాకినాడ పెద్దాసుపత్రికి పోయాం.

అక్కడ వరండాలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నా పక్కన, తాళ్ళరేవు నుంచి జబ్బుచేసిన వాళ్ళాయన్ని తీసుకొచ్చిన ఒకామె, నా కాలు వేలాడుతుంటే చూసి, అడక్కుండానే తన బట్టల మూట తెచ్చి కాలి కింద పెట్టింది. అందులో ఆవిడ కట్టుకోవాల్సిన చీరలు. కాసేపటికి నా కాలి రసి ఆ గుడ్డకి అంటింది. నేను చూశాను, ఆవిడా చూసింది. మరక పడిన వైపు లోపలికి మడిచి మళ్ళీ పెట్టింది. వాళ్ళాయనకి ఏం జబ్బో అడుగుదామనుకునేలోపు నన్ను పిలిచారు. ఆవిడ పేరు కూడా తెలుసుకోలేదు.

లోపల నర్సమ్మగారు పట్టీ విప్పుతూ, "ఇదెలా కాలిందమ్మా?" అంది.

గదిలో ఓ పదిమంది ఉన్నారు. అందరూ దిగాలుగా ఉన్నారు. అంతమంది నవ్వని మొహాలు కనబడితే నా నోరు ఆగదు. "మా అత్తండి. ఇరవై రెండేళ్ళ పగ ఇసకలో మూటకట్టి ఒక్కసారే తీర్చుకుంది" అన్నాను.

అందరూ నవ్వారు. నర్సమ్మగారు కూడా. నవ్వనిది ఇద్దరు. క్యారేజీ పట్టుకుని గుమ్మంలో నించున్న అత్త, గోడకి చేరబడ్డ బావ.

బావ తక్కువ మాట్లాడే మనిషి. నాలాంటిదాన్ని కట్టుకున్నాక ఆయనకి వంతు ఎక్కడ దొరుకుతుంది? మెల్లగా తల్లి దగ్గరికి పోయి అడిగాడు.

"నిజమేనామ్మా? నువ్వే పెట్టావా?"

"పెట్టానురా. ఇసక ఎక్కువ కాగినట్టుంది."

"చూసుకోవా?"

"చూసుకోలేదురా."

మోచేతికి ఆనించి చూసుకున్నానని అనలేదు. మూడుసార్లు అడిగానని అనలేదు. ఇదే ఇంకా పెట్టమందని నావైపు చెయ్యి చూపలేదు. నేను రెండడుగుల దూరంలో వీల్ చైరులో ఉన్నాను. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. చక్రాల కుర్చీని ఎవరో ఎక్స్‌రే గదివైపు తోసుకుపోయారు.

డాక్టరు గారు కుర్రాయన. ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించాడు. పాదం మధ్యలో ఎముకలు కాలవలో పారబోసిన గులకరాళ్ళలా ఉన్నాయి. మేం ఏం పని చేస్తామో అడిగి తెలుసుకుని అప్పుడు చెప్పాడు. "గాలానికి బెండు కడతారు కదమ్మా, చేప పట్టిందని చెప్పడానికి. నొప్పి కూడా అలాంటి బెండే. షుగరు వల్ల మీ కాలి నరాలు దెబ్బతిని ఆ బెండు తెగిపోయింది. ఎముక విరిగినా మీకు తెలీలేదు. విరిగినదాని మీదే నడిచారు. నడిచినకొద్దీ కీళ్ళన్నీ చెదిరిపోయాయి." తర్వాత అడిగాడు, "స్పర్శ ఎన్నాళ్ళుగా లేదు?"

బావ నావైపు చూస్తున్నాడు.

"ఈమధ్యేనండి" అన్నాను.

అప్పుడా డాక్టరు గారు కలం కింద పెట్టి ఇంకో మాటన్నాడు. "ఈ కాలిన పుండు లేకపోతే ఇవాళే సిమెంటు కట్టు వేసేసేవాళ్ళం. ఇప్పుడు పుండు మానేదాకా ఆగాలి. ఈలోగా పాదం ఎంత దిగిపోతుందో చెప్పలేం. కాలు ఉంచగలమో లేదో కూడా పుండుని బట్టే." బావ చెవిలో ఆ మాటే పడింది. మూడు వారాలు గంపతో తిరిగి విరగ్గొట్టుకున్నదాన్ని నేను. ఏడాదిగా దాచినదాన్ని నేను. ఆయనకి మాత్రం కనిపించింది ఒక్క ఇసక మూటే.

భాద్రపదం అంతా వార్డులో. కాలు తీసేస్తారా ఉంచుతారా అని రోజూ పట్టీ విప్పేటప్పుడు డాక్టరు గారి కనుబొమ్మలు చూసేదాన్ని. అవి పైకి లేస్తే ఆ పూట అన్నం దిగేది కాదు. ఒక చిటికెనవేలు పోయింది. మిగతాది నిలిచింది. పుండు ఎండాక మోకాలి దాకా సిమెంటు కట్టు వేసి, ఆ కాలు నేల మీద మోపకూడదని చెప్పి ఇంటికి పంపారు. మోపితే మళ్ళీ మొదటికి. ఎన్నాళ్ళు అంటే, రెండు కాళ్ళూ ఒకే వేడికి వచ్చేదాకా అన్నారు.

ఇంట్లో బావ తల్లితో మాట్లాడడం మానేశాడు. తిట్టలేదు, అరవలేదు. అరిచినా బాగుండేది. ఆవిడ వడ్డిస్తే కంచం ముందునుంచి లేచేవాడు కాదు, తినేవాడు, కానీ తలెత్తేవాడు కాదు. ఏదైనా చెప్పాలంటే మంచం మీదున్న నాకు చెప్పేవాడు.

"రేపు రేవుకి పెందలాడే రమ్మను."

ఆవిడ నాలుగడుగుల దూరంలోనే ఉండేది. నేను కోర్టు బంట్రోతులా గొంతు పెంచి, "కైకరం నూకరత్నం హాజర్. రేపు పెందలాడే రేవుకి రావలెను" అనేదాన్ని. ఆవిడ మూతి బిగబట్టి నవ్వేది. "వస్తానని చెప్పు" అనేది. "వస్తుందట దొరగారూ" అనేదాన్ని. నా వేళాకోళంతో ఆ మౌనం తేలికపడుతుందనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, మధ్యలో నేను అంత బాగా పనిచేశాను కాబట్టే వాళ్ళిద్దరికీ నేరుగా మాట్లాడుకునే అవసరం రాలేదు.

రేవుకి ఎందుకు రమ్మన్నాడంటే, గంప అత్త ఎత్తుకుంది. పన్నెండేళ్ళ క్రితం నా నెత్తిన పెట్టిన గంపని అరవై ఎనిమిదేళ్ళ వయసులో మళ్ళీ తన నెత్తికెత్తుకుంది. "మనం చేపలు పోసే ఇళ్ళు ఇంకోత్తెకి పోతాయి, నువ్వు లేచేసరికి ఎవరూ మిగలరు" అంది. మొదటి వారం ఇంటికొచ్చి నా మంచం పట్టె మీద కూలబడింది.

"చేప బాగానే ఉందంటున్నారే. మాటలే లేవంటున్నారు ఈ గంపలో."

"నీకు మాటలొస్తే నేనెందుకత్తా ఈ ఇంటికి?"

"ఏదో ఒకటి నేర్పించు. టీచరు గారు మరీ అడుగుతోంది, మణి ఏమందీ, మణి ఏమందీ అని."

టీచరు గారంటే రెండో వీధిలో ఉండే రిటైరైన పంతులమ్మగారు. చర్చిలో నా కాలి కోసం ప్రార్థన చేయించిన మనిషి. వాళ్ళాయన వాడిన వాకర్ తుడిచి అత్త చేత పంపిన మనిషి. సరేనని రోజూ పొద్దున్నే అత్తకి రెండు మాటలు నేర్పేదాన్ని. చందువ చేపకి బేరమాడితే ఏమనాలి, ముల్లు ఎక్కువంటే ఏమనాలి. ఆవిడ బడిపిల్లలా పెదాలు కదుపుతూ వల్లె వేసుకుంటూ పోయేది. సాయంత్రం అడిగితే, "చెప్పాను. నవ్వారు. ఎందుకో తెలీదు గానీ నేను చెప్పకముందే నవ్వారు" అనేది.

కార్తీకంలో ఒకరోజు నాకు తల రుద్ది నీళ్ళు పోస్తోంది. కట్టు తడవకుండా నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని, పైన గోనెపట్టా కప్పింది. బావ అప్పుడే వలలు భుజాన వేసుకుని, మా పక్కనుంచి తలతిప్పుకుని పోయాడు. ఆవిడ చేతిలో చెంబు ఆగిపోయింది. ఆయన మలుపు తిరిగేదాకా చూసింది.

మొహం మీది నీళ్ళు తుడుచుకున్నాను. "అత్తా, నేను చెప్పేస్తాను. నువ్వు అడిగావనీ, నేనే పెట్టమన్నాననీ. నాకు ఏడాది నుంచే కాలు తెలీదు."

"తెలుసే" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆసుపత్రిలో ఆయన చెబుతుంటే తెలిసింది. ఒంటి చెప్పుతో వచ్చినప్పుడే తెలియాలి నాకు. చెప్పకే ఆడికి."

"ఎందుకు?"

"ఆడు మొండోడు. నీమీద అలిగితే మంచంలో ఉన్నదానివి, నిన్ను ఎవరు ఎత్తి దింపుతారు? నేను ఎత్తగలనా? నామీద అలిగితే ఏమైంది. కన్నదాన్ని. రేపో మాపో మాట్లాడతాడు. నువ్వు లేచి నడిచాక చెబుదువుగాని, ఇద్దరం కలిసి తన్నులు తిందాం."

నేను నోరు మూసుకున్నాను. ఆవిడ వద్దంది కాబట్టి అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. చెప్పనక్కర్లేదంటే నాకు హాయనిపించింది. బావ రోజూ నన్ను చంటిపిల్లలా ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేవాడు, అన్నం కలిపి చేతికిచ్చేవాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అంత మురిపెం నేను ఎరగను. అది పోగొట్టుకోవడం ఇష్టంలేకపోయింది. ఇంకొకరి మాట మింగి నేను కడుపు నింపుకున్నాను.

మార్గశిరంలో మంచు పట్టింది. ఒక పూట అత్త వీధులు తిరిగి వచ్చి, ఖాళీ గంప బోర్లించి, దానిమీదే కూర్చుంది. గుండెలో పట్టేసినట్టుంది, గ్యాసేమో, కాసిని వేడినీళ్ళు కావాలంది. నేను మంచం మీద. పొయ్యి పది అడుగుల దూరం. వాకర్ కోసం చెయ్యి చాపాను. "దిగావంటే చంపుతాను. కాలు మోపకు" అంది. అదే ఆవిడ నాతో అన్న ఆఖరి మాట. నేను కేకలు పెడితే పక్కింటివాళ్ళు వచ్చి ఆటో ఎక్కించారు. కోటిపల్లి దాటకముందే అయిపోయిందట.

నేను కాలు మోపలేదు. ఆవిడకి వేడినీళ్ళు ఇవ్వలేదు. ఇస్తే బతికేదని కాదు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

బావని ఏటి మీంచి పిలుచుకొచ్చారు. తడిబట్టలతోనే వచ్చాడు. వాకిట్లో ఆవిణ్ణి పడుకోబెట్టి ఉంచారు. ఆయన పక్కన కూర్చుని, "అమ్మా" అన్నాడు. కాసేపాగి, పలకలేదేమో అన్నట్టు, ఇంకాస్త గట్టిగా "అమ్మా" అన్నాడు. నాలుగు నెలల తర్వాత వాళ్ళమ్మని పిలవడం అదే. గుమ్మంలో కుర్చీలో కట్టు కాలు చాపుకుని కూర్చుని నేను అది విన్నాను. నా నోరు అప్పుడు కూడా తెరుచుకోలేదు.

పుష్యం చివర్లో కట్టు తీశారు. డాక్టరు గారు చేతి వెనకభాగంతో రెండు పాదాలూ తాకి చూసి, "ఒకేలా ఉన్నాయమ్మా, నిప్పు చల్లారింది" అన్నాడు. నా పాదం మాత్రం పాదంలా లేదు. మధ్యలో వంపు దిగిపోయి, అడుగు గుండ్రంగా నావ అడుగులా తయారైంది. "పడవవాళ్ళ కోడలికి పడవే ఇచ్చారండి" అన్నాను. ఆయన నవ్వాడు, నేను నవ్వలేకపోయాను. నడవచ్చు, కొంచెం. ప్రత్యేకం కుట్టించిన బూటు వేసుకుని. గంప మాత్రం ఇక ఎత్తకూడదన్నాడు.

మాఘంలో బూటు వేసుకుని టీచరు గారింటికి ఆటోలో వెళ్ళాను, వాకర్ తిరిగివ్వడానికి. ఆవిడ నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. "మీ అత్తగారు జోకు మొదలుపెట్టి ముందు తనే నవ్వేసేవారమ్మా. సగంలో మర్చిపోయి, మిగతాది మా మణి లేచొచ్చి చెబుతుందండి అనేవారు" అంది. కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే ఏడ్చాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, ఏ సగం చెప్పారో ఏ సగం మిగిలిందో నాకు గుర్తులేదమ్మా అని తనూ కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చాను. బావ అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. బూటు విప్పకుండానే ఎదురుగా కూర్చున్నాను.

"బావా. ఇసక మూట పెట్టేటప్పుడు అత్త మూడుసార్లు అడిగింది, కాల్తుందా అని. నేనే ఇంకా పెట్టమన్నాను. నాకు అప్పటికే ఏడాదై కాలు తెలీదు. గంప మాన్పిస్తావని దాచాను."

ఆయన సూది ఆపాడు. "వేళాకోళమా?"

"కాదు."

వరస పూర్తయ్యేదాకా అల్లాడు. ముడి వేశాడు. దారం పళ్ళతో తెంపాడు. "అమ్మ ఎందుకు చెప్పలేదు నాకు?"

"నువ్వు నామీద అలిగితే నన్ను ఎత్తి దింపేవాళ్ళు ఉండరని."

వల అక్కడే వదిలేసి ఏటి గట్టు మీదికి పోయాడు. చీకటిపడే వేళకి వచ్చి అన్నం తిన్నాడు. అది జరిగి రెండు నెలలైంది. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడడం లేదు. ఇప్పుడు ఈ ఇంట్లో కబురు మోసే బంట్రోతు కూడా లేదు.

ఇది చదివేవాళ్ళలో షుగరున్నవాళ్ళు ఉంటారు. మీ రెండు పాదాల్లో ఒకటే వాచి, ఎర్రగా, వేడిగా ఉంటే, నొప్పి లేదు కదా అని సంబరపడకండి. నొప్పి లేకపోవడమే అసలు సంగతి. దానిమీద నడవకండి, కాపడం పెట్టకండి, బెణుకని ఎవరన్నా ఎక్స్‌రే తీయించుకోండి. చెప్పు జారిపోయినా తెలీని రోజు వస్తే, ఆ రోజే ఇంట్లో ఒకరితో చెప్పండి. తిడతారు. తిట్టనివ్వండి. మీరు దాచింది మీ కాల్లోనే ఉండిపోదు, పక్కనున్నవాళ్ళ నెత్తికెక్కుతుంది.

డాక్టరు గారు బావకి ఒక పని అప్పగించారు. నా అరికాళ్ళు నాకు కనిపించవు, తెలియవు కాబట్టి, గీతపడినా పొక్కు లేచినా రోజూ ఇంకొకరు చూడాలి. ఆ పని ఆయన మానలేదు. ప్రతి పొద్దునా ఏటికి పోయేముందు నా ముందు పీట వేసుకుని కూర్చుంటాడు. ఎడమకాలు తన మోకాలి మీద పెట్టుకుంటాడు. వేళ్ళ సందులు విడదీసి చూస్తాడు, అరికాలు వెలుతురుకి తిప్పుతాడు, తుడుస్తాడు. కొన్ని రోజులు చూడ్డం అయిపోయాక కూడా కాసేపు అలాగే పట్టుకుని ఉంటాడు, కొన్ని రోజులు వెంటనే దింపేస్తాడు. తల పక్కకి తిప్పుకుంటే ఆయన పట్టుకున్నాడో వదిలేశాడో నాకు తెలీదు. అందుకని ఆయన లేచేదాకా ఆ చేతుల్నే చూస్తూ కూర్చుంటాను.